ఆయుధ లైసెన్సులలో మార్పులు, రుసుములు: ఒక చట్టము, పలు కచ్చేరీలు
(బోడినాయకనూరులో చేసిన స్మారకోపన్యాస పాఠము)

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ పెద్దమనిషి తన పేరు ఏ పుస్తకము మీదను అచ్చు పడరాదని ఇంటివారిని కోరియుండిరి కావున, ఊరివారు వాడిన 'అర్జీల తాత' అను పిలుపుతోనే వారిని తలచుకొనెదను. తాలూకా కచ్చేరి వసారాలో కూర్చుండి అర్జీలు వ్రాయుట ఆయన వృత్తి. అరవములోను, ఇంగ్లీషులోను అర్జీ వ్రాసి, తన పద్దు మాత్రము తెలుగులో వ్రాసికొనెడివారు. పట్టాలు, పింఛనులు, వారసత్వ ధ్రువపత్రములు, ఇట్టివి ఎన్నియో ఆయన కలము క్రిందుగా నడచినవి గాని, తనను మిక్కిలి అలయించినవి తుపాకి లైసెన్సులలోని చిన్నచిన్న మార్పుల అర్జీలేయని ఆయన పలుమారు చెప్పగా విన్నవారు ఈ సభలో ఇంకను కలరు. ఆ మాటనే నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని.

తుపాకి యనగానే కొందరు కనుబొమలు ముడుచుట సహజము. నేను తుపాకుల పక్షమున వకాల్తా పుచ్చుకొని రాలేదు. దేశములో తుపాకులు తక్కువగా ఉండుటయే మేలని నమ్మువాడను. చట్టము ఎంత కఠినముగా ఉన్నను నాకు అభ్యంతరము లేదు. ఆ కాఠిన్యము ఒక బల్లయొద్ద ఒక తీరుగను, నాలుగడుగుల దూరములోని మరియొక బల్లయొద్ద వేరొక తీరుగను ఉండరాదని మాత్రమే నా వాదము.

ఈ విషయమును బోడిలో మాటాడుటకు చరిత్ర తోడుపడుచున్నది. బోడి పాలెగాండ్రు గుత్తిసీమనుండి దక్షిణమునకు వచ్చిన రాజకంబళ నాయకులని వంశపరంపరగా చెప్పుకొందురు. విశ్వనాథ నాయకుని కాలమున మధుర రాజ్యమును 72 పాలెములుగా విభజించినప్పుడు పాలెగానికి భూమి దక్కిన హేతువే ఆయుధము: అతడు ఇన్ని బల్లెములతోను, ఇందరు బంట్లతోను ప్రభువు పిలిచినప్పుడు రావలెను, ఊరిని కావలెను. అనగా ఈ సీమలో ఆయుధధారణము వినోదమును కాదు, ఆడంబరమును కాదు, భూస్వామ్యమునకు మూలమైన ఉద్యోగధర్మము. అట్టి నేలమీద, తెలుగు మాటాడు రాజకంబళ కులమునందే పుట్టిన వీరపాండ్య కట్టబొమ్మనను కుంపిణీవారు 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీసి, పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టము చేసి, 1801లో మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీసిన పిమ్మట, ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన మదరాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు దక్షిణ మండలముల పాలెగాండ్రకును, ప్రజలకును ఆయుధములు అప్పగింపుడని ప్రకటన వెలువరించెను. దేశమంతటికి నిరాయుధ శాసనము రాకమునుపే, ముక్కాలు శతాబ్దమునకు ముందుగా, మనకు వచ్చినదన్నమాట.

పశ్చిమ కనుమలలో కొంచెము ఉత్తరముగా ఉన్న కొడగు సీమ కథ వేరు. అచ్చటి కొడవలకును, వంశపారంపర్యపు జమ్మా భూముల హక్కుదారులకును 19వ శతాబ్దపు నడిమి కాలమునుండి లైసెన్సు అక్కరలేని మినహాయింపు కలదు. స్వతంత్ర భారత ప్రభుత్వము దానిని కొనసాగించి 2019లో మరి పదియేండ్లకు, అనగా 2029 వరకు పొడిగించినది. 2021లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. కొడవల యెడల నాకు అసూయ లేదు. ఒకే కనుమల వరుసలో ఒక కొండవారు ప్రభువునకు మిత్రులైనందున తుపాకి ఉంచుకొనిరి, మరియొక కొండవారు శత్రువులైనందున బల్లెము సైతము అప్పగించిరి. ఆయుధము విషయములో ప్రభుత్వము మొదట చూచినది మనిషి ఎవడు అనునదియే గాని, అతడేమి చేసెను అనునది కాదు.

లార్డ్ లిట్టన్ కాలమున వచ్చిన 1878 నాటి ఆయుధ చట్టము ఈ దృష్టిని దేశవ్యాప్తము చేసినది. ఐరోపీయులకు లైసెన్సు అక్కరలేదు. బిరుదాంకితులకు, పెద్ద జమీందారులకు మినహాయింపుల పట్టిక యుండెను. తక్కినవారు జిల్లా మేజిస్ట్రేటు దయకు ఎదురుచూడవలెను. 1887లో మదరాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును గూర్చి తీర్మానించినది. అహింసావ్రతుడైన గాంధీగారు 1930 జనవరిలో వైస్రాయి ముందుంచిన పదునొకండు కోర్కెలలో చివరిది, ఆత్మరక్షణార్థము తుపాకి లైసెన్సులను ప్రజల అదుపునకు లోబడి ఇయ్యవలెననుటయే. మరుసటి యేడు కరాచీ తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కు ప్రాథమిక హక్కుల వరుసలో చోటు చేసికొన్నది. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో హెచ్. వి. కామత్ దానిని రాజ్యాంగములో చేర్ప యత్నింపగా సభ తిరస్కరించినది. ఆ తిరస్కారము వివేకవంతమైనదే. అయితే హక్కుగా గుర్తింపబడని వస్తువును ఇచ్చువాడు అనుగ్రహముగా ఇచ్చును. అనుగ్రహమునకు లెక్క చెప్పు అలవాటు ఏ కచ్చేరికిని లేదు.

ఆ లెక్క చెప్పించుటకు వచ్చినదే 1959 నాటి 54వ చట్టము. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఈ చట్టమును చదివినవారికి దాని రచయితలు పేదరైతును మరువలేదని తెలియును. నిరాకరణకు చట్టబద్ధమైన కారణము లేనప్పుడు, పంటకాపునకై నోటినుండి మందు దట్టించి పేల్చు నాటు తుపాకికి లైసెన్సు ఇయ్యవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. అది చాలదని అధికారికి తోచినచో మెరుగైన తుపాకికైనను ఇయ్యవచ్చునని కూడ చెప్పుచున్నది. ఆస్తి లేదనుట ఒక్కటే కారణముగా నిరాకరింపరాదని 14వ సెక్షను శాసించుచున్నది. నిరాకరించినచో కారణములను లిఖితపూర్వకముగా నమోదు చేయవలెననియు, ప్రజాహితమునకు భంగము లేనంతవరకు అడిగినవానికి ఆ కారణములను తెలుపవలెననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. రుసుము నిర్ణయించునది కేంద్ర ప్రభుత్వపు నియమావళి. జిల్లాకు గాని, ఠాణాకు గాని ఆ అధికారము లేదు. 18వ సెక్షను అప్పీలు కల్పించుచున్నది. కాగితము మీద ఇంతకంటె సరసమైన ఏర్పాటు కోరనక్కరలేదు.

చిక్కు ఎచ్చట కలదు? క్రొత్త లైసెన్సు విషయములో చట్టము కన్నులు తెరచుకొనియే యున్నది. ఒకసారి లైసెన్సు వచ్చిన తరువాత మనుష్యుని జీవితము నిలిచియుండదు గదా! అతడు ఇల్లు మారును. పాత తుపాకి అమ్మి వేరొకటి కొనును. తండ్రి పోయి తుపాకి మిగులును. తోట సరిహద్దుకు ఆవల కొనును. ఈ మార్పు ప్రతిదానికిని లైసెన్సు పుస్తకములో ఒక ఎండార్సుమెంటు కావలెను. ఆ ఎండార్సుమెంటునకు ఏ కాగితములు జతపరచవలెను, మరల ఠాణా నివేదిక కావలెనా, రుసుము కలదా లేదా, ఉన్నచో ఎంత అను ప్రశ్నలకు ఏ గుమాస్తా యిచ్చిన జవాబు ఆ గుమాస్తాదే.

తాత పద్దుపుస్తకమును ఆయన మనుమరాలు నాకు చూపినది. ఒక పుటలో ఇల్లు మారిన ఒక కాపు కథ ఉన్నది. పేర్లు విడిచి చెప్పెదను. ఆయన ఊరి పొలిమేర దాటలేదు, ఒక వీథినుండి ఇంకొక వీథికి మాత్రమే పోయినాడు. మొదటి కచ్చేరిలో అర్జీయే చాలునన్నారు. ఠాణాలో క్రొత్త లైసెన్సునకు వలెనే విచారణ జరుగవలెనన్నారు. ఆ విచారణకు ఆస్తి విలువ ధ్రువపత్రము తెమ్మన్నారు, ఏ ఆస్తి లేదను కారణమున నిరాకరింపరాదని చట్టమే చెప్పుచున్నదో సరిగా ఆ ఆస్తికి ధ్రువపత్రమునే. ఖజానాలో చలానా కట్టి వచ్చినవాడు ఇట్లడిగెనట:

"అయ్యా, చలానా కట్టినాను గదా, ఇంకేమి?"

"ఆ చలానా వేరు పెద్దాయనా. అది రెన్యువలుది. ఇది మార్పుది."

"మార్పునకు ఎంత కట్టవలెనో చెప్పండి, కట్టివత్తును."

"అది పైవాళ్ళను అడిగి చెప్పవలె. మీరు వచ్చే వారము రండి."

ఈ సంభాషణ క్రింద తాత ఎర్రసిరాతో ఒక్క మాట వ్రాసినారు: 'పైవాళ్ళు అనగా ఎవరు?' నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు నేటికిని జవాబు రాలేదు. ఇందులో ఒక విశేషము కలదు. లైసెన్సు ఇచ్చువాడు కలెక్టరు. కట్టిన రుసుము ప్రభుత్వ లెక్కలలో 0055 అను పోలీసు పద్దులో జమయగును. విచారణ చేయువాడు ఠాణా అధికారి. వేలిముద్రలు, ఫొటోలు ఎక్కించుట కంప్యూటరు గదిలో. ఇందరి నడుమ బాధ్యత ఎవరిదని అడిగినచో, పెండ్లింట పోయిన చెంబువలె అది ఎవరి చేతిలోనుండి జారినదో ఎవరును చెప్పజాలరు.

కోయంబత్తూరు, మధుర వంటి నగరములలో చిక్కు ఇంకొక మెట్టు ఎక్కును. పోలీసు కమిషనరేటు ఉన్నచోట లైసెన్సు అధికారి పోలీసు కమిషనరు. నగరపు హద్దు దాటగానే కలెక్టరు. చింతామణి చుట్టుప్రక్కలనుండి ఊరి వెలుపలి క్రొత్త కాలనీకి మారిన కోయంబత్తూరు తెలుగు వర్తకుడొకడు జిల్లా మారకుండగనే అధికారిని మార్చుకొనును. విచారించువాడును మంజూరు చేయువాడును ఒకే శాఖవారైనప్పుడు పని త్వరగా జరుగునని కొందరందురు. జరుగవచ్చును. కాని ఠాణా నివేదికను తూచి చూచుటకు వేరొక శాఖ కన్ను ఉండవలెనను పాత ఏర్పాటులోని వివేకము అచ్చట పోవుచున్నది.

2016లో వచ్చిన క్రొత్త ఆయుధ నియమములు ఈ అవ్యవస్థను కొంత సరిదిద్ద యత్నించినవి. ఠాణా నివేదికకు 30 దినములు, నివేదిక అందిన తరువాత నిర్ణయమునకు 60 దినములు గడువు పెట్టినవి. నివేదిక గడువులోపల రానిచో దానికొరకు ఆగనక్కరలేదని మూలచట్టములోనే ఉన్నది. ఆగకుండ ఉత్తరువు వేసిన అధికారిని మాత్రము నేను చూడలేదు. 70 యేండ్లు నిండిన లైసెన్సుదారుడు గాని, 25 యేండ్లు తుపాకి ఉంచుకొన్నవాడు గాని తాను బ్రతికియుండగనే వారసునకు దానిని బదలాయింపవచ్చునను మంచి నియమము కూడ వీనిలో కలదు. పల్లెలలో ఇది తెలిసినవారు అరుదు. తండ్రి పోయిన వెనుక తుపాకి ఇంటనే ఉంచుకొన్నచో అది నేరమగునని, దానిని దగ్గరి ఠాణాలో గాని, లైసెన్సుగల ఆయుధ వర్తకునియొద్ద గాని అప్పగింపవలెనని 21వ సెక్షను చెప్పుచుండగా, పెద్దకర్మము కూడ కాని యింట ఈ సెక్షను చదివి వినిపించువాడెవడు? తాత ఆ పని చేసినారు. పరామర్శకు పోయి, నాలుగు మాటలాడి, లేచునప్పుడు "నాయనా, గోడమీది తుపాకిని ముందు ఠాణాలో ఇచ్చి రశీదు తెచ్చుకో" అని చెప్పి వచ్చెడివారు. కొందరు ఆయనను కఠినుడనిరి. ఆయనవలన కేసులు తప్పిన ఇండ్లు ఈ ఊర పెక్కు కలవు.

ఇవి చాలక, ప్రతి లైసెన్సుదారునకును దేశవ్యాప్తమైన పట్టికలో ఒక ప్రత్యేక సంఖ్య ఉండవలెననిరి. గడువులోపల అది లేనిచో లైసెన్సు చెల్లదనిరి. ఆ గడువును పలుమారు పొడిగించిరి. ఇంతలో 2019 సవరణ వచ్చి, ఒకరు మూడు తుపాకులు ఉంచుకొను వీలును రెంటికి తగ్గించి, మూడవదానిని ఏడాదిలోపల అప్పగింపుమనెను. లైసెన్సు కాలమును మూడేండ్లనుండి ఐదేండ్లకు పెంచెను. ఈ రెండు మార్పులును నాకు సమ్మతములే. అయితే మూడవ తుపాకిని తీసివేయుట ఒక మార్పు. ఆ మార్పునకు పుస్తకములో ఎండార్సుమెంటు. దానికి మరల పైవాళ్ళు.

మన జిల్లాలో జరుగునది పెద్ద అక్రమమని నేననను. దేశపు లెక్కలు చూచినచో మనము మితముగానే ఉన్నాము. 2016 చివరికి దేశమందలి లైసెన్సులు 33 లక్షలకు పైబడగా, ఉత్తరప్రదేశములోనే 12 లక్షల 77 వేలు ఉండెను. తమిళనాట 22 వేల చిల్లర మాత్రమే. జమ్మూ కాశ్మీరములో 2012 మొదలు 2016 వరకు అర్హత లేనివారికి 2 లక్షల 78 వేలకు పైగా లైసెన్సులు ఇచ్చిరని కేంద్ర దర్యాప్తు సంస్థ ఆరోపించినది. పంజాబులో లైసెన్సునకు మాదకద్రవ్య పరీక్ష అదనము. ఒకే చట్టము, ఒకే రాజముద్ర. ఒకచోట వరద, ఒకచోట కరవు. ఇచ్చట నాటు తుపాకి కోరు కాపు ధ్రువపత్రములకై తిరుగుచుండగా, అచ్చట కాగితము కట్టలు కట్టలుగా కదలిపోయినదన్నమాట నిజమైనచో, ఆ రెంటికిని మూలము ఒక్కటే: అధికారి విచక్షణకు సాక్ష్యమడుగువాడు లేడు.

ఎన్నికల కాలపు ముచ్చట కూడ చెప్పవలెను. ఎన్నిక ప్రకటన కాగానే లైసెన్సుగల తుపాకులన్నియు ఠాణాలో చేర్పుడని చాటింపు వచ్చును. ఎవరి చరిత్ర ఎట్టిదో పరిశీలించి, అవసరమైనవారినే అడుగవలెనని, అందరికిని ఒకే గంపగుత్త ఉత్తరువు తగదని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2009లోను, అలహాబాదు ఉన్నత న్యాయస్థానము 2024లోను చెప్పినవి. అయినను గంపగుత్త పద్ధతి సులభము గావున అదియే నడచుచున్నది. విచిత్రమేమనగా, విచక్షణ వలదన్న చోట, అనగా రుసుము విషయమున, మన కచ్చేరీలు విచక్షణ చూపును. విచక్షణ కావలసిన ఈ చోట మాత్రము దానిని మానును.

పోలీసువారి పక్షమున ఒక మాట చెప్పక పోవుట అన్యాయము. రేపు ఆ తుపాకితో హత్య జరిగినచో ముందుగా సంజాయిషీ చెప్పవలసినవాడు నివేదికపై సంతకము చేసిన ఠాణా అధికారియే. ఆ భయము అర్థములేనిది కాదు. అయితే అధికారమంతయు వారికే ఇచ్చినంత మాత్రమున పద్ధతి కుదురుకొనదు. ఇంగ్లండు, వేల్సులలో లైసెన్సు అధికారము పూర్తిగా పోలీసులదే; 43 ప్రాంతీయ దళములు 43 విధములుగా పని చేయుచున్నవని ఆరోపణ. ఒక తుపాకికి బదులు అదే తరగతి తుపాకిని మార్చుకొనుటకు అచ్చట రుసుము లేదు. సంఖ్య పెంచుకొనుటకు కలదు, అది 2025 ఫిబ్రవరిలో 20 పౌనులనుండి 47 పౌనులకు పెరిగినది. క్రొత్త సర్టిఫికెట్టు రుసుము 88 నుండి 198కి పోయినది. ఈ దళముల పనితీరులో పొంతన లేదని 2015లో అచ్చటి పోలీసు తనిఖీ సంస్థయే నివేదించినది. ఆరేండ్లకు, 2021 ఆగస్టు 12న, ప్లిమతు నగరములో ఒక యువకుడు ఐదుగురిని కాల్చి చంపి తానును చచ్చెను. ఒక దాడి కారణమున అతనినుండి తీసికొన్న తుపాకిని, సర్టిఫికెట్టును కొలది వారములకు ముందే పోలీసులు తిరిగి ఇచ్చియుండిరి. అస్తవ్యస్తమైన పద్ధతి కాపును తిప్పును, ఉన్మత్తుని విడుచును. రుసుమునకు, రశీదునకు, గుమాస్తా మాటకు సంబంధించిన చిల్లర విషయమని దీనిని త్రోసిపుచ్చువారికి నేను ప్లిమతు పేరు చెప్పుదును.

ఇక మన కొండ సంగతి. బోడినుండి పదునేడు మలుపులెక్కి బోడిమెట్టు చేరినచో అచ్చట కేరళము. పూపార, శాంతన్‌పార, ఉడుంబంచోల ప్రాంతములలో ఏలకితోటలుండి ఇల్లు బోడిలో ఉన్నవారు ఎందరో కలరు. 1956 నవంబరు 1 నాటి భాషారాష్ట్ర విభజన తోటను ఒక రాష్ట్రమునందును, వంటయింటిని ఇంకొక రాష్ట్రమునందును స్థిరపరచినది. పంది పడునది తోటలో. తుపాకి లైసెన్సు ఇంటి చిరునామాకు. లైసెన్సు పుస్తకములో అది చెల్లు ప్రాంతమును తెలుపు గడి ఒకటి కలదు. ఆ గడిలో తేని జిల్లాయో, తమిళనాడో ఉన్నచో మెట్టు మీది తనిఖీ గేటు దాటగానే అదే తుపాకి నేరమగును. దేశమంతట చెల్లు అనుమతిని 2010 నాటి కేంద్ర విధానము మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు, సైనికులకు, ఉన్నతోద్యోగులకు, గురికాండ్రైన క్రీడాకారులకు ఉద్దేశించినది. ఏలకి కాపు ఆ వరుసలో లేడు. 1878 నాటి మినహాయింపుల పట్టిక ఎంత చిన్నదైనను రూపము మాత్రము మారలేదని నాకు తోచును.

దీనికి అడవి చట్టము తోడైనది. 1972 నాటి వన్యప్రాణి చట్టములోని 34వ సెక్షను ప్రకారము అభయారణ్యమునకు పది కిలోమీటర్లలోపల క్రొత్త లైసెన్సు ఇయ్యవలెనన్న ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ముందుగా కావలెను. 2009లో మేగమలై అభయారణ్యము ఏర్పడినప్పటినుండి ఈ జిల్లాలో పెక్కు గ్రామములకు కలెక్టరు, పోలీసు, అటవీశాఖ, ఇట్లు ముగ్గురు దేవతలు. పంట కాపాడుకొనుటకు తుపాకి ఇయ్యవచ్చునని ఒక చట్టమనును. ఆ తుపాకితో పందిని కొట్టినచో జైలని ఇంకొక చట్టమనును. శబ్దము చేసి బెదరించుటకైతే టపాకాయ చాలదా అని ఒక కాపు నన్నడిగినాడు. అతనికి నేను చెప్పగలిగినదేమియు లేకపోయినది.

2022 మేలో కేరళ ప్రభుత్వము ఈ ముడిని ఒక ప్రక్క విప్పినది. పంటలను పాడుచేయు అడవిపందులను చంపించు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు ఒప్పగించి, లైసెన్సుగల తుపాకిదారుల జాబితా పెట్టుకొనుమన్నది. ఇప్పుడు ఇడుక్కి పంచాయతీలకు తుపాకిదారులు కావలెను. తోట ఆ పంచాయతీలోనే ఉన్న బోడివానికి తుపాకి కలదు. లైసెన్సులోని గడి మాత్రము అడ్డము. తేని, ఇడుక్కి కలెక్టర్లిద్దరును తమ పోలీసు, అటవీ అధికారులతో ఒక దినము కూర్చుండి, సరిహద్దు తోటల యజమానుల పంటకాపు తుపాకులకు రెండు జిల్లాలలోను చెల్లు ఎండార్సుమెంటు ఏ కాగితములతో, ఏ రుసుముతో, ఎన్ని దినములలో ఇయ్యవచ్చునో, ఇయ్యరాదని తోచినచో ఏ కారణమున ఇయ్యరాదో ఒక పుటలో వ్రాసి, అరవములోను, మలయాళములోను, వీలైనచో తెలుగులోను ఉభయ కచ్చేరీల గోడలకు అంటింపవలెనని ఈ సభ తరపున అర్జీ ఒకటి సిద్ధపరచితిమి. సంతకములకై అది ద్వారమువద్ద బల్లమీద ఉన్నది.